ఫీజు కట్టి చేసే సేవ: విదేశీ మెడికల్ వాలంటీర్ ట్రిప్పుల వెనక లెక్క

క్లుప్తంగా: విదేశాల్లో మెడికల్ వాలంటీరింగ్ పేరుతో నడిచే ట్రిప్పుల్లో ఎక్కువ భాగానికి డబ్బు కట్టేది విద్యార్థే. అందుకే అవి రోగి అవసరాన్ని బట్టి కాక విద్యార్థి సెలవులను, సరదాను, సర్టిఫికెట్‌ను బట్టి తయారవుతాయి. చదువు పూర్తికాని విద్యార్థి ఇక్కడ చేయకూడని పని అక్కడా చేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ లెక్కలో ఈ ట్రిప్పులు ఇంటర్న్‌షిప్ కింద రావు. కాలేజీల మధ్య ఒప్పందంతో జరిగే ఎలెక్టివ్‌లు (విద్యార్థి ఎంచుకున్న విభాగంలో శిక్షణ), ఎక్స్ఛేంజ్‌లు మాత్రం వేరే కోవలోవి.

పేరు ఒకటే, పనులు వేరు

బెంగళూరులో ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివే తెలుగు విద్యార్థులు తక్కువమంది కాదు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవారు కొందరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంకొందరు. సెలవులు దగ్గరపడితే వీళ్ల ఫోన్లకు వచ్చే ప్రకటనలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కెన్యాలోనో, టాంజానియాలోనో, నేపాల్లోనో, బాలిలోనో రెండు వారాలు ఆసుపత్రి సేవ, శని ఆదివారాలు ఊళ్లు చూడటం, చివర్లో సర్టిఫికెట్. ఆ తర్వాత ఇంట్లో వచ్చే ప్రశ్నలూ ఒకేలా ఉంటాయి. దీంతో అమెరికాలో సీటుకు ఏమైనా పనికొస్తుందా? హౌస్ సర్జన్సీలో, అంటే ఎంబీబీఎస్ చివరి ఇంటర్న్‌షిప్‌లో, కలుపుతారా? అసలు అక్కడ పిల్లల చేత ఏం చేయిస్తారు?

ఈ ప్రశ్నలకు జవాబు తేలకపోవడానికి ఒక కారణం, మూడు నాలుగు వేర్వేరు వ్యవహారాలను ఒకే పేరుతో పిలవడం. మొదటిది, ఏదో ఒక సంస్థకు ఫీజు కట్టి వెళ్లే వాలంటీర్ ట్రిప్. దీనికి మెడికల్ విద్యార్థే కానక్కర్లేదు, పన్నెండో తరగతి చదువుతున్నవారిని కూడా తీసుకెళ్లే సంస్థలున్నాయి. రెండోది ఎలెక్టివ్ లేదా ఎక్స్ఛేంజ్. ఇక్కడి కాలేజీకీ అక్కడి బోధనాసుపత్రికీ, లేదా రెండు దేశాల విద్యార్థి సంఘాలకూ మధ్య ఒప్పందం ఉంటుంది. మన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోకి కూడా 2019 నుంచి ఎలెక్టివ్‌లు వచ్చాయి. మూడోది అమెరికా ఆసుపత్రుల్లో చేసే అబ్జర్వర్‌షిప్. పేరులో ఉన్నట్టే పక్కన నిలబడి చూడటం, తప్పితే రోగిని తాకడం ఉండదు. ఇందులో సేవ అనే మాటే లేదు, సిఫారసు లేఖ కోసమే చేస్తారు. ఇవి చాలవన్నట్టు కొన్ని కన్సల్టెన్సీలు విదేశాల్లో ఎంబీబీఎస్ చదవడాన్ని కూడా ఇదే కౌంటర్ మీద అమ్ముతాయి. దాని సంగతి పూర్తిగా వేరు. 2021 నాటి నిబంధనల ప్రకారం అలా చదివేవారి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, చదివిన సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎన్ని వాలంటీర్ ట్రిప్పులు కలిపినా ఆ లెక్కలో ఒక్క రోజు కూడా జమ కాదు.

ఈ వ్యాసం ప్రధానంగా మొదటి కోవ గురించి. గందరగోళమంతా అక్కడే ఉంది.

గిరాకీ ఎక్కడి నుంచి వస్తోంది

మన దేశంలో మెడికల్ సీటుకు సేవా అనుభవం అక్కర్లేదు. నీట్ మార్కులు, ర్యాంకు, కౌన్సెలింగ్, ఫీజు. వాలంటీర్ సర్టిఫికెట్ చూపిస్తే ఒక్క మార్కు కూడా కలవదు. పీజీ సీటుకూ అంతే. కాబట్టి ఈ ట్రిప్పుల గిరాకీ దాదాపుగా బయటి దేశాల అడ్మిషన్ పద్ధతుల నుంచి వస్తున్నదే.

అందులో పెద్ద వాటా అమెరికా రెసిడెన్సీది, అంటే అక్కడి పీజీ శిక్షణది. అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం రాసే యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1 పరీక్షలో ఒకప్పుడు మూడంకెల స్కోరు వచ్చేది. విదేశాల నుంచి దరఖాస్తు చేసే మన విద్యార్థులు ఆ స్కోరుతోనే తమను తాము నిరూపించుకునేవారు. 2022 జనవరి 26 నుంచి అది పాస్ లేదా ఫెయిల్ మాత్రమే అయింది. స్టెప్ 2 స్కోరు ఉంది కానీ, ఒక తూకపురాయి పోవడంతో మిగిలినవాటి బరువు పెరిగింది. సిఫారసు లేఖలు, పరిశోధన, అనుభవాలు. రెసిడెన్సీ దరఖాస్తులో పది అనుభవాల వరకు రాసుకోవచ్చు, వాటిలో మూడింటిని ముఖ్యమైనవిగా గుర్తించవచ్చు. ఖాళీ గడి కనిపిస్తే నింపాలనిపించడం సహజం, నింపిపెడతామనే వ్యాపారం పుట్టడమూ సహజమే.

రెండో వాటా స్కూలు పిల్లలది. బెంగళూరులో ఇంటర్నేషనల్ స్కూళ్లు ఎక్కువ. ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమాలో సృజన, శారీరక కార్యకలాపం, సేవ కలిపిన క్యాస్ అనే భాగం తప్పనిసరి. విదేశీ యూనివర్సిటీల దరఖాస్తుల్లో వ్యాసం రాయాలి. బ్రిటన్ మెడికల్ స్కూళ్లు పని అనుభవం అడుగుతాయి. వీటిలో ఏదీ సేవ విదేశంలోనే చేయాలని చెప్పదు. బ్రిటన్ మెడికల్ స్కూళ్ల మండలి అయితే వృద్ధుల ఆశ్రమం లాంటి చోట చేసిన సంరక్షణ పని కూడా లెక్కకు వస్తుందని స్పష్టంగానే అంటుంది. అయినా కిలిమంజారో నేపథ్యంలో తెల్ల కోటు వేసుకున్న ఫొటో ముందు ఇంటి దగ్గరి వృద్ధాశ్రమం తేలిపోతుందని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం అడ్మిషన్ నిబంధనల్లో లేదు, బ్రోచర్లలో ఉంది.

డబ్బు ఎవరిది, జవాబుదారీ ఎవరికి

ఈ వ్యవహారంలో మిగతావన్నీ అర్థం కావాలంటే ముందు డబ్బు దారి చూడాలి.

మామూలుగా వైద్యానికి డబ్బు ఎవరు కడితే ఆసుపత్రి వారికి ఎంతో కొంత జవాబు చెప్పుకోవాలి. ప్రైవేటులో రోగి, సర్కారు ఆసుపత్రిలో ప్రభుత్వం, ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ట్రస్టు. వాలంటీర్ ట్రిప్పులో డబ్బు కట్టేది వైద్యం చేయించుకునేవాడు కాదు, చేయడానికి వచ్చినవాడు. ఆ ఫీజులోంచే ఇక్కడి ఏజెంటు కమిషన్, అసలు సంస్థ ఆఫీసు ఖర్చు, అక్కడి భాగస్వామి వాటా, బస, భోజనం, ఎయిర్‌పోర్టు కారు అన్నీ వెళ్లాలి. చివరికి ఆసుపత్రికి చేరేది ఎంతో బ్రోచర్లలో విడిగా కనిపించడం అరుదు. ఫిర్యాదు చేయగలిగేది, రివ్యూ రాయగలిగేది, స్నేహితులను పంపగలిగేది కూడా విద్యార్థే. క్లినిక్ బయట బల్ల మీద కూర్చున్న తల్లి రివ్యూ రాయదు.

ఈ ఒక్క తిరకాసు నుంచి చాలా సంగతులు వాటంతట అవే పుట్టుకొస్తాయి. ట్రిప్ ఎన్నాళ్లు అన్నది అక్కడి అవసరం చెప్పదు, ఇక్కడి కాలేజీ సెలవులు చెబుతాయి. ఎవరిని తీసుకోవాలన్న వడపోత పలచబడుతుంది, ఎందుకంటే కాదన్న ప్రతి దరఖాస్తూ పోయిన ఆదాయమే. ఊరి ఎంపిక మరీ ఆసక్తికరం. టాంజానియాలో ఆరుషా, మోషీ పట్టణాలు సెరెంగెటికీ, కిలిమంజారోకూ వెళ్లేవారి మజిలీలు. వాలంటీర్ ప్రోగ్రాములు కూడా అక్కడే గుమిగూడటం యాదృచ్ఛికం కాదు. డాక్టరే లేని మారుమూల జిల్లాకు విద్యార్థులు అంతగా వెళ్లరు. అక్కడ శనివారం చూడటానికి ఏమీ ఉండదు, పర్యవేక్షించే డాక్టరూ ఉండడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చేతికి పని దొరుకుతుందన్న హామీ. ఊరికే నిలబడి చూడటానికి అంత డబ్బు ఎందుకని అడిగే విద్యార్థికి ‘అక్కడ మీరే చేయొచ్చు’ అన్న మాట బాగా ఎక్కుతుంది. ఇంజెక్షన్ ఇవ్వడం, కుట్లు వేయడం, కాన్పులో సాయం. బెంగళూరు ఆసుపత్రిలో పీజీలు, హౌస్ సర్జన్లు వరుసలో ఉంటారు కాబట్టి రెండో సంవత్సరం విద్యార్థి దాకా ఈ పనులు రావు. అక్కడ వస్తాయంటే కారణం అక్కడి రోగికి అవసరమని కాదు, అడ్డు చెప్పేవారు తక్కువని.

అలాగని ఫీజు ఉన్నంత మాత్రాన కార్యక్రమం మోసమని తేల్చడం సరికాదు. విద్యార్థికి నేర్పడానికి ఆసుపత్రికి ఖర్చవుతుంది. విదేశాల నుంచి ఎలెక్టివ్ కోసం మన దగ్గరికి వచ్చేవారి నుంచి ఇక్కడి బోధనాసుపత్రులూ ఫీజు తీసుకుంటాయి. చూడాల్సింది ఆ ఫీజు దేనికి అన్నదే. చదువు చెప్పించుకోవడానికి కట్టే ఫీజు వేరు, రోగి మీద చేయి వేసే అవకాశానికి కట్టే ఫీజు వేరు.

ఊళ్లో ఆర్‌ఎంపీ, విదేశంలో వాలంటీర్

తెలుగు జిల్లాల్లో ఆర్‌ఎంపీ అనే మాట తెలియనివారుండరు. డిగ్రీ లేకుండా సెలైన్ పెట్టినా, ఇంజెక్షన్ పొడిచినా అది చట్టవిరుద్ధమని మెడికల్ విద్యార్థులే ముందుగా వాదిస్తారు. వాదన న్యాయమైనదే. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని వ్యక్తి వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే విద్యార్థి రెండో సంవత్సరం సెలవుల్లో విమానమెక్కి మరో దేశంలో కుట్లు వేస్తే దానికి సేవ అన్న పేరు, సర్టిఫికెట్ వస్తాయి. అర్హత విషయంలో ఇద్దరి స్థితీ ఒకటే. నిజానికి ఆర్‌ఎంపీకి ఆ ఊరి భాష వచ్చు, మర్నాడు కూడా అక్కడే ఉంటాడు.

కెన్యాలో, టాంజానియాలో, నేపాల్లో కూడా మెడికల్ కౌన్సిళ్లు ఉన్నాయి. పూర్తి డిగ్రీ ఉన్న విదేశీ డాక్టరే అక్కడ పనిచేయడానికి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. వీసా సంగతి మరొకటి. టాంజానియాలో వాలంటీర్లకు టూరిస్ట్ వీసా చాలదు, వేరే నివాస పర్మిట్ ఉంది. మన దేశం కూడా ఈ విషయంలో నియమం పెట్టుకుంది. ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చే విదేశీయులు డబ్బు తీసుకోకుండా చేసే వాలంటీర్ పనికి గరిష్ఠంగా ఒక నెల వరకే అనుమతి, అదీ వైద్యం చేయడానికి అనుమతి కాదు.

ఉగాండాలోని జింజా పట్టణంలో జరిగిన వ్యవహారం ఈ చర్చను ప్రపంచవ్యాప్తం చేసింది. వైద్య విద్య లేని ఒక అమెరికన్ యువతి అక్కడ పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం కేంద్రం నడిపింది. తమ బిడ్డలు చనిపోయారంటూ ఇద్దరు తల్లులు 2019లో కోర్టుకెక్కారు. తాను డాక్టరులా వ్యవహరించాననే ఆరోపణలను ఆమె తోసిపుచ్చింది. 2020లో తప్పు ఒప్పుకోలు ఏదీ లేకుండా పరిహారంతో రాజీ కుదిరింది. ఆమె విద్యార్థి కాదు, రెండు వారాల ట్రిప్పుకు వెళ్లిన మనిషీ కాదు. కానీ అర్హత లేని విదేశీయురాలి చేతుల్లో అంత అధికారం ఎలా పోగుపడిందన్న ప్రశ్న వాలంటీర్ ట్రిప్పులకూ వర్తిస్తుంది.

ఎలా పోగుపడుతుందో చెప్పడం కష్టమేమీ కాదు. సిబ్బంది తక్కువ, వచ్చినవాడు అతిథి, వెంట కాస్త డబ్బు తెచ్చాడు, కాదంటే మర్యాద కాదు. భారతీయ విద్యార్థి విషయంలో ఇంకొకటి కలుస్తుంది. తూర్పు ఆఫ్రికా దేశాల నుంచి గుండె జబ్బులకు, క్యాన్సర్‌కు, కిడ్నీ మార్పిడికి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకు వచ్చే రోగులు చాలామంది. ఇండియన్ డాక్టరంటే అక్కడ ఒక గౌరవం ఉంది. ఆప్రాన్ వేసుకుని బెంగళూరు నుంచి వచ్చానని చెప్పే ఇరవై ఏళ్ల కుర్రాడిని రోగి విద్యార్థిగా చూడడు. నేను ఇంకా డాక్టర్ని కాదని అతను ప్రతిసారీ చెప్పాలి, అదీ రోగికి తెలిసిన భాషలో. ఆ భాష అతనికి రాదు.

అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకున్నవే. స్వదేశంలో తన స్థాయి విద్యార్థి చేయడానికి వీల్లేని పనిని విదేశంలోనూ చేయరాదన్నది వాటి సారం. అలాంటి పనులు చేసినట్టు దరఖాస్తులో రాసుకుంటే అడ్మిషన్ కమిటీ దాన్ని లోపంగా చూడవచ్చని కూడా అవి హెచ్చరిస్తాయి. అంతకు ఏడాది ముందు, 2010లో, అంతర్జాతీయ ఆరోగ్య శిక్షణ నైతికత మీద ఏర్పడిన ఒక నిపుణుల బృందం కూడా పంపే సంస్థ, ఆతిథ్యమిచ్చే సంస్థ, విద్యార్థి, నిధులిచ్చేవారు ఎవరి బాధ్యత ఏమిటో విడివిడిగా రాసింది. అంటే ‘మా వాడు అక్కడ కాన్పు చేశాడు’ అన్న వాక్యం ఇక్కడ బంధువుల మధ్య గొప్పగా వినిపించినా, అమెరికా దరఖాస్తులో ఎదురు తన్నవచ్చు.

క్యాంపు అయిపోయిన మర్నాడు

రెండు వారాల ట్రిప్పులో ఎక్కువగా కనిపించేది మెడికల్ క్యాంపు. బీపీ చూడటం, షుగర్ చూడటం, మాత్రలు ఇవ్వడం. హాని కనిపించదు కాబట్టి దీన్ని అందరూ మంచి పనిగానే తీసుకుంటారు. కానీ బీపీ, షుగర్ ఒక రోజు జబ్బులు కావు. క్యాంపులో బీపీ ఎక్కువుందని ఒక నెల మాత్రలు ఇస్తే, రెండో నెల ఆ మాత్ర ఆ ఊళ్లో దొరకాలి, కొనగలిగే ధర ఉండాలి, మోతాదు సరిచూసే మనిషి ఉండాలి. ఈ మూడూ లేకపోతే మిగిలేది భయం. ఉంటే మాత్రం ఆ పని చేయాల్సింది అక్కడి క్లినిక్కే. అప్పుడు క్యాంపు చేసిన మేలు రోగిని ఆ క్లినిక్‌కు చేర్చడం వరకే, అది స్థానిక ఆరోగ్య కార్యకర్త ఇంకా చవకగా చేయగలడు.

క్యాంపు పద్ధతిలో ఉన్న ప్రమాదం మన దేశానికి కొత్త కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో ఒకే సర్జన్ గంటల వ్యవధిలో 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ చేసింది అనుభవం ఉన్న డాక్టరే. లెక్క కోసం నడిచే క్యాంపులో శుభ్రత, మందుల నాణ్యత, ఆపరేషన్ తర్వాతి పరిశీలన ఎలా పక్కకు పోతాయో ఆ ఘటన చూపింది. 2016లో సుప్రీంకోర్టు అలాంటి స్టెరిలైజేషన్ క్యాంపులను మూడేళ్లలో ఎత్తేయాలని చెప్పింది. విదేశీ వాలంటీర్ క్యాంపుకు టార్గెట్ ప్రభుత్వం పెట్టదు. చివరి రోజు సోషల్ మీడియాలో పెట్టే ‘ఇంతమందిని చూశాం’ అన్న అంకె ఆ పని చేస్తుంది.

కంటి వైద్యంలో దీనికి భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. 1976లో మదురైలో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి ఊళ్లలో పెట్టే క్యాంపులను పరీక్షకే పరిమితం చేసింది. శుక్లం ఉన్నవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆపరేషన్ అక్కడి థియేటర్‌లో చేసి, తిరిగి ఊళ్లో దింపి, మళ్లీ చూస్తారు. గ్రహణం మొర్రి ఆపరేషన్లలోనూ ఇలాంటి పోలికే ఉంది. 1982లో మొదలైన ఆపరేషన్ స్మైల్ డాక్టర్ల బృందాలను దేశాలకు పంపే పద్ధతితో పేరు తెచ్చుకుంది, తర్వాత స్థానికుల శిక్షణ వైపూ నడిచింది. 1999లో వచ్చిన స్మైల్ ట్రైన్ మొదటి నుంచీ స్థానిక ఆసుపత్రికి డబ్బు, స్థానిక సర్జన్‌కు శిక్షణ అన్న దారి పట్టింది. సర్జన్ ఆ ఊళ్లోనే ఉంటే పిల్లాడికి ఏడాది తర్వాత మాట శిక్షణో, రెండో ఆపరేషనో కావాల్సినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

సూట్‌కేసులో మందులు తీసుకెళ్లే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తెలిసిన మెడికల్ షాపు నుంచో, కంపెనీ ప్రతినిధి ఇచ్చిన శాంపిళ్ల నుంచో పోగుచేసిన మాత్రలు పట్టుకెళ్లడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి మందుల విరాళాల మీద మార్గదర్శకాలు ఇస్తోంది. అడగనివి పంపకూడదు, అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, అక్కడివారికి అర్థమయ్యే భాషలో లేబుల్ ఉండాలి. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేకు చేరిన మందుల్లో చాలావాటిని వాడలేక పారేయాల్సి వచ్చింది. పారేయడానికీ డబ్బు కావాలి.

ఆతిథ్యమిచ్చేవారి వైపు నుంచి

అక్కడి డాక్టరు వైపు నుంచి చూస్తే కొత్త బ్యాచ్ వచ్చిన సోమవారం అంటే ఓపీ నెమ్మదించే రోజు. వార్డు చూపించాలి, నియమాలు చెప్పాలి, రోగి మాటను ఇంగ్లీషులోకి మార్చాలి, విద్యార్థి ప్రశ్నలకు జవాబివ్వాలి. నాలుగైదు రోజులకు విద్యార్థి కాస్త కుదురుకుంటాడు. పదో రోజుకు పనికొచ్చే స్థితికి వస్తాడు. పద్నాలుగో రోజు వెళ్లిపోతాడు. తర్వాతి సోమవారం ఇంకో బ్యాచ్, మళ్లీ వార్డు చూపించడం దగ్గరి నుంచి మొదలు. చిన్న ట్రిప్పుల్లో నష్టం విద్యార్థి తెలివితక్కువ వల్ల రాదు, ఈ చక్రం వల్ల వస్తుంది. అందుకే మంచి కార్యక్రమాల్లో ఆతిథ్య ఆసుపత్రికి ఏడాదికి ఎంతమంది, ఏ నెలలో, ఎన్నాళ్లు అని చెప్పే హక్కు ఉంటుంది.

భాష దగ్గర బెంగళూరు తెలుగు విద్యార్థులకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని ఎవరూ బ్రోచర్‌లో పెట్టరు. హైదరాబాద్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరంలో బాగేపల్లి. తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర ఊళ్లే ఉన్న పావగడ. కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం. ఇవి కర్ణాటక తాలూకాలే కానీ ఇళ్లలో తెలుగు వినిపించే ఊళ్లు. ‘అవ్వా, మాత్ర పొద్దున ఏసుకుంటాండావా, రాత్రా?’ అని అడగడానికి ఇక్కడ దుబాసీ అక్కర్లేదు. జవాబులో ‘ఎప్పుడో ఒకప్పుడు ఏసుకుంటా లేబ్బా’ అన్న మాట వెనక అసలు మాత్రే కొనడం లేదన్న సంగతి పట్టుకోవడానికి ఆ భాషలో పెరిగి ఉండాలి. స్వాహిలీలో ఆ పని రెండు వారాల్లో రాదు.

నగరంలోపల కూడా ఇదే అవసరం ఉంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి నిమ్హాన్స్, కిద్వాయ్, జయదేవ, విక్టోరియా లాంటి సర్కారు ఆసుపత్రులకు వచ్చే రోగుల వెంట ఉండేవారికి కన్నడ రాక, ఇంగ్లీషు రాక, ఏ కౌంటర్‌కు ఏ చీటీ ఇవ్వాలో తెలియక గడిచే గంటలు అక్కడ కాసేపు నిలబడినా కనిపిస్తాయి. వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రి లాంటి చోట్ల సేవకులతో పని చేయించుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మెడికల్ కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమంలో ఎంబీబీఎస్ విద్యార్థి గ్రామంలోని కొన్ని కుటుంబాలను ఎంచుకుని చదువు కాలంలో వాటిని మళ్లీ మళ్లీ చూడాలి. చాలా కాలేజీల్లో దీన్ని రికార్డు రాసి సంతకం పెట్టించుకునే పనిగా ముగిస్తున్నారన్నది విద్యార్థులే చెప్పుకునే మాట. కానీ రెసిడెన్సీ దరఖాస్తులో రాయడానికి మూడేళ్లపాటు ఒకే కుటుంబం బీపీని గమనించిన అనుభవం కన్నా బరువైనది రెండు వారాల ట్రిప్పులో దొరకడం కష్టం.

ఒప్పందం ఉన్న చోట తేడా

విదేశీ అనుభవమే వద్దని దీని అర్థం కాదు. వేరే దేశపు ఆరోగ్య వ్యవస్థ చూసిన విద్యార్థికి తన దేశం కూడా కొత్తగా కనిపిస్తుంది. దానికి మెరుగైన దారులున్నాయి. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ వైద్య విద్యార్థి సంఘాల సమాఖ్య నడిపే ఎక్స్ఛేంజ్ అందులో పాతది. మన దేశం నుంచి భారత వైద్య విద్యార్థుల సంఘం దీనిలో ఉంది. ఇక్కడి నుంచి ఒకరు వెళ్తే అక్కడి నుంచి ఒకరు వస్తారన్నది దీని మూలసూత్రం, అందుకే ఆతిథ్యమిచ్చే దేశం కేవలం సరుకు అందించే చోటుగా మిగలదు. విద్యార్థి ఒక బోధనాసుపత్రి విభాగంలో, పేరున్న ట్యూటర్ కింద, దాదాపు నెల రోజులుంటాడు. ఎవరినీ కాపాడటానికి వెళ్లలేదు, నేర్చుకోవడానికి వెళ్లాడన్న సంగతి ముందే రాసి ఉంటుంది. ఆ ఒక్క మాటతో చాలా టెన్షన్ తగ్గుతుంది.

విపత్తు సమయాల్లో పరిస్థితి మరింత కఠినం. 2010లో హైతీ భూకంపం తర్వాత దిగిన విదేశీ వైద్య బృందాల నాణ్యత మీద వచ్చిన ప్రశ్నలతో 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి బృందాలకు వర్గీకరణ, కనీస ప్రమాణాలు పెట్టింది. తమ తిండి, నీళ్లు, కరెంటు తామే చూసుకోగల, ముందే నమోదైన బృందాలకే చోటు. 2015లో నేపాల్ భూకంపం నాటికి ఆ పద్ధతి అమల్లోకి వచ్చింది. టీవీలో చూసి బ్యాగు సర్దుకుని బయల్దేరే విద్యార్థికి అక్కడ చేయగల పని లేదు.

వెళ్లేవారి ఒంటికి సంబంధించిన లెక్కలు

కెన్యా, ఉగాండా, ఘనా లాంటి దేశాలకు వెళ్లి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. 2016 జులై నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి చివరి నిమిషంలో గుర్తొస్తే లాభం లేదు. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, ఆలస్యమైనా 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. ఆ మందులు ఆ క్లినిక్‌లో ఉన్నాయా, లేకపోతే ఎంత దూరంలో ఉన్నాయి అన్నది బయల్దేరక ముందే తెలియాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ విద్యార్థి జబ్బు పడితే చూస్తుంది, అతని వల్ల రోగికి హాని జరిగితే చూడదు. ఆ రెండో ఇన్సూరెన్స్ చదువు పూర్తికాని విద్యార్థికి దొరకడమే కష్టం. దొరకదన్న సంగతే అతని చట్టపరమైన స్థితి ఏమిటో చెబుతుంది.

ఇక ముందు

అమెరికా, బ్రిటన్ మెడికల్ స్కూళ్లు ఇలాంటి ట్రిప్పుల మీద అనుమానం పెంచుకున్నకొద్దీ కంపెనీల భాష మారే అవకాశం ఉంది. ‘మీరే చేయొచ్చు’ అన్న చోట ఇప్పటికే కొన్ని సంస్థలు పక్కన ఉండి చూడటం, అంటే షాడోయింగ్, అన్న మాట వాడుతున్నాయి. మాట మారినంత మాత్రాన క్లినిక్ లోపల జరిగేది మారుతుందని చెప్పలేం. ఆతిథ్య దేశాలు రిజిస్ట్రేషన్, పర్మిట్ నిబంధనలను గట్టిగా అమలు చేస్తే చిన్న సంస్థలు తప్పుకుంటాయి, ఫీజులు పెరుగుతాయి, ఒప్పందాలున్న కాలేజీల విద్యార్థులకే చోటు దొరుకుతుంది. అది రోగికి మేలు, స్థోమత లేని విద్యార్థికి నష్టం. మన వైపు, విదేశీ వాలంటీర్ ట్రిప్పు అమ్మే ఏజెంటు కూడా మామూలు ట్రావెల్ ఏజెంటులాగే పనిచేసుకుపోతాడు. ఆ క్లినిక్‌ను ఇక్కడ తనిఖీ చేసేవారుండరు కాబట్టి ఆ భారం తల్లిదండ్రుల మీదే పడుతుంది.

వారికి పనికొచ్చే పరీక్ష సులువైనదే. ఆసుపత్రి పేరు, పర్యవేక్షించే డాక్టరు పేరు, ఆమె రిజిస్ట్రేషన్ నంబరు, విద్యార్థి ఏ పనులు చేయకూడదో రాసిన కాగితం, ఏ రకం వీసా, ఫీజులో ఆసుపత్రి వాటా ఎంత అని డబ్బు కట్టక ముందే ఈ-మెయిల్‌లో అడగాలి. ఒప్పందం ఉన్న కార్యక్రమం ఇవన్నీ రెండు మూడు రోజుల్లో పంపుతుంది, ఎందుకంటే అవి దాని దగ్గర ముందే ఉంటాయి. ‘ఆసుపత్రిని అక్కడికి వెళ్లాక కేటాయిస్తారు, వీసాకు టూరిస్ట్ అని పెట్టండి చాలు’ అని ఫోన్లో జవాబు వచ్చిందంటే, అమ్ముతున్నది ఆసుపత్రి శిక్షణ కాదు, ఆసుపత్రి తగిలించిన టూర్ ప్యాకేజీ.